వెంట ఎవరొచ్చారమ్మా?

అందరికీ నమస్కారం. వెనక వరసలో చంటిపాపతో కూర్చున్న అమ్మాయి లేచి బయటికి వెళ్లబోతోంది. వద్దమ్మా, కూర్చో. పాప ఏడిస్తే ఏడవనీ, నా గొంతు పెద్దదే, పైగా మైకు కూడా ఇచ్చారు. పిల్లల తల్లులు గుమ్మం బయట నిలబడి వినాల్సిన మాటలు కావు ఇవి.

నేను 31 ఏళ్లు సర్కారు ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. పీహెచ్‌సీలో మొదలుపెట్టి, తర్వాత ఏరియా ఆస్పత్రి, ఆ తర్వాత జిల్లా ఆస్పత్రిలో పిల్లల వార్డు, అక్కడే రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నేను రోజూ తక్కువలో తక్కువ ఇరవై సార్లు అడిగిన మాట ఒకటుంది. "వెంట ఎవరొచ్చారమ్మా?" అలవాటైపోయిన మాట, కేస్ షీటు తీస్తూనే నోట్లోంచి వచ్చేస్తుంది. ఎక్కువమంది టక్కున చెప్పేస్తారు, మా ఆయన బండి పెట్టి వస్తున్నాడండీ అనో, మా అత్త చీటీ రాయిస్తోందండీ అనో. కొంతమంది మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. నేల చూస్తారు. "ఎవరూ లేరు సిస్టర్, నేనే" అంటారు. ఆ "నేనే" అన్న తర్వాత ఏమవుతుందో చెబుదామనే ఇవాళ వచ్చాను.

మన ఆస్పత్రి ఎలా నడుస్తుందో మీ అందరికీ తెలుసు, అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. పొద్దున్నే ఓపీ చీటీ లైను. తర్వాత డాక్టరు గది ముందు లైను. రక్తపరీక్ష రాస్తే ల్యాబు ఇంకో బిల్డింగులో ఉంటుంది, ఎక్స్‌రే ఇంకోచోట, మందులు మళ్లీ గేటు దగ్గర. రిపోర్టు చూపించడానికి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పటికి పన్నెండు దాటితే డాక్టరుగారు వార్డుకి వెళ్లిపోయి ఉంటారు, రేపు రమ్మంటారు. అడ్మిట్ అయితే పని తగ్గుతుందనుకుంటారు గానీ పెరుగుతుంది. శాంపిల్ ల్యాబుకి చేర్చాలి, రిపోర్టు తేవాలి, రక్తం కావాలంటే బ్లడ్ బ్యాంకు దగ్గర నిలబడాలి, స్కానింగుకి స్ట్రెచర్ తోసుకెళ్లాలి, వేడినీళ్లు పట్టుకురావాలి. ఈ పనులకి ఎంఎన్‌ఓలు, ఎఫ్‌ఎన్‌ఓలు, అంటే వార్డులో సాయం చేసే మగ, ఆడ సిబ్బంది ఉండాలి, ఉంటారు కూడా, కానీ వార్డులో మంచాలు ఎన్ని, వాళ్లు ఎంతమంది? రాత్రి డ్యూటీలో నలభై మంచాలకి నేనూ, ఇంకొక ఆయమ్మ, అంతే ఉన్న రోజులు నాకు లెక్కలేనన్ని. అందుకని ఆ పనంతా పేషెంటు తాలూకు మనిషి మీద పడుతుంది. ఏ కాగితం మీదా రాసుండదు, ఏ జీవోలోనూ ఉండదు, కానీ మన ఆస్పత్రి మొత్తం ఇద్దరు మనుషుల లెక్కన నడుస్తుంది. మంచం దగ్గర ఒకరు, తిరగడానికి ఒకరు. ఆ రెండో మనిషి లేని ఇంటికి ఆస్పత్రి తలుపు తెరిచే ఉన్నా సగం మూసినట్టే.

ఆ రెండో మనిషి లేని ఇళ్లు ఏవో కొద్దిగా ఉంటాయి అనుకోకండి. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, తాగుడు భరించలేక తామే వచ్చేసినవాళ్లు, విడాకులైనవాళ్లు, గల్ఫ్ వెళ్లిన మనిషి దగ్గర్నించి ఫోను కూడా రానివాళ్లు, పెళ్లి కాకుండా తల్లులైనవాళ్లు, భార్య పోయి పసిపిల్లలతో మిగిలిన మగవాళ్లు. ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2019లో ఇచ్చిన నివేదికలో మన దేశంలో ఒంటరి తల్లులు మాత్రమే నడుపుతున్న కుటుంబాలు 4.5 శాతం, అంటే సుమారు 1.3 కోట్లు అని లెక్క చెప్పారు. పుట్టింట్లోనో అన్నదమ్ముల దగ్గరో సర్దుకుని ఉంటున్న ఒంటరి తల్లులు ఇంకో 3.2 కోట్లు. అదే నివేదికలో ఇంకో మాట ఉంది, తల్లీతండ్రీ ఇద్దరూ ఉన్న ఇళ్లలో పేదరికం 22.6 శాతమైతే, తల్లి ఒక్కతే ఉన్న ఇళ్లలో 38 శాతం. అంటే డబ్బిచ్చి ప్రైవేటుకి పోలేని వాళ్లు, సర్కారు ఆస్పత్రి తప్ప దిక్కు లేని వాళ్లు ఎక్కువగా ఉన్నది ఈ ఇళ్లలోనే. మరి అదే ఆస్పత్రిలో వాళ్లకే ఎక్కువ కష్టం.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నా భర్త పోయేటప్పటికి బాబుకి ఐదేళ్లు, పాపకి పద్నాలుగు నెలలు. నేను నర్సునే, జీతం వచ్చేది, ఆస్పత్రి అంటే భయం లేదు. అయినా ఒక రాత్రి పాపకి జ్వరం, ఒంటిమీద ఎర్రటి మచ్చలు, నేను పనిచేసేది కాకుండా వేరే ఊళ్లో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. బాబుని ఎక్కడ వదలను? వాణ్ణీ తీసుకెళ్లాను. రాత్రి పదకొండుకి అడ్మిట్ చేశారు, సెలైన్ పెట్టారు, ప్లేట్‌లెట్లు తగ్గాయి, బ్లడ్ బ్యాంకుకి వెళ్లి తెచ్చుకోండి అన్నారు. బ్లడ్ బ్యాంకు ఆవరణలో అటు చివర. పక్క మంచం పెద్దమ్మ నిద్రపోతోంది. డ్యూటీ సిస్టర్ ఇంకో పిల్లాడి దగ్గర ఉంది, ఆ పిల్లాడికి ఫిట్స్. నేను బాబుని మంచం మీద కూర్చోబెట్టి, పాప చెయ్యి వాడి రెండు చేతుల్లో పెట్టి, "నాన్నా, చెల్లి చెయ్యి కదలనివ్వకు, సూది ఊడిపోతుంది, అమ్మ ఇప్పుడే వచ్చేస్తుంది" అని పరిగెత్తాను. అక్కడ ఫారం మీద డాక్టరు సంతకం లేదని వెనక్కి పంపారు. డాక్టర్ని వెతికి సంతకం పెట్టించుకుని మళ్లీ వెళ్లాను. తిరిగొచ్చేసరికి దగ్గర దగ్గర గంట. వాడు అదే చోట, అలాగే కూర్చుని ఉన్నాడు. నిక్కరు తడిసిపోయింది, పరుపు తడిసింది. బాత్రూముకి వెళ్తే చెల్లి చెయ్యి వదలాల్సి వస్తుందని వెళ్లలేదు. నన్ను చూసి మొదట అన్న మాట, "అమ్మా, వదల్లేదు."

పాప బతికింది, ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. కానీ ఆ రాత్రి తర్వాత డ్యూటీలో "వెంట ఎవరొచ్చారు" అని అడిగేటప్పుడు నా గొంతు మారింది. అంతకుముందు నేనూ విసుక్కున్నదాన్నే. ఎవరూ లేకుండా ఎలా వచ్చావమ్మా, కనీసం తమ్ముణ్ణైనా తీసుకురావాలిగా అని ఎంతమందిని అన్నానో. వాళ్లకి ఇప్పుడు క్షమాపణ చెప్పే దారి లేదు, అందుకే ఇలా ఊరూరా తిరిగి చెబుతున్నాను.

సరే, మనుషుల సంగతి అది. కాగితాల సంగతి ఇంకా కష్టం.

2007లో పేదవాళ్లకి ఉచితంగా ఆపరేషన్లు చేయించే ఆరోగ్యశ్రీ పథకం వచ్చినప్పుడు, నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను, గుండెకి చిల్లు పడిన పిల్లల తల్లులు మా ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చారు, సంతోషంతో. ఇప్పుడు మన ఆంధ్రాలో అది ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, అక్కడ 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలు చేశారు. మంచి పథకం. ఎవరు పేరు పెట్టినా, ఎవరు పేరు మార్చినా మంచి పథకమే. కానీ దాని లెక్క కుటుంబం లెక్క. కార్డు కుటుంబానిది, అర్హత కుటుంబానిది. ఆ కుటుంబం అంటే ఎవరు అన్న దగ్గర ఒంటరి తల్లి ఇరుక్కుంటుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, ఊరూ పేరూ చెప్పను. భర్త వదిలేసి నాలుగేళ్లైంది. పుట్టింటికి వచ్చి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. కూతురికి ఆరేళ్లు, గుండె ఆపరేషన్ చేయాలి, మా దగ్గర చేయరు, ఈ పథకం కింద ఆపరేషన్ చేసే నెట్‌వర్క్ ఆస్పత్రికి రాశారు. ఆస్పత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఆధార్ కొడితే అర్హత లేదని వచ్చింది. ఎందుకూ అంటే, హౌస్‌హోల్డ్ మ్యాపింగులో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారని సర్కారు రాసుకున్న లెక్కలో, ఆ తల్లీకూతుళ్లు ఇంకా ఆ భర్త ఇంట్లోనే ఉన్నారు, అతని ఆస్తి లెక్క పరిమితి దాటింది. నాలుగేళ్లుగా మొహం కూడా చూపించని మనిషి ఆస్తి ఈ పిల్ల ఆపరేషన్‌కి అడ్డం పడింది. గ్రామ సచివాలయానికి వెళ్లింది. స్ప్లిట్ చేయాలంటే, అంటే ఆ ఇంటి లెక్కలోంచి వీళ్లని విడదీయాలంటే, విడాకుల కాగితం తీసుకురా అన్నారు. విడాకులకి కోర్టుకెళ్తే ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలియంది కాదు, వకీలు ఫీజు ఎక్కడ తెస్తుంది? తెచ్చినా, అతను నోటీసు తీసుకోడు. ఎమ్మార్వో ఆఫీసు, కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సు, మళ్లీ సచివాలయం, వెళ్లిన ప్రతిరోజూ కూలి పోయింది. నాలుగు నెలలు తిరిగింది. చివరికి ఒక అధికారి మనసు పెట్టి విచారణ చేయించి సర్దితే ఆపరేషన్ అయింది. ఆ పాప ఇప్పుడు ఏడో తరగతి. మనసు పెట్టే అధికారి దొరకని పాపలు ఎంతమందో నేను చెప్పలేను.

విడిగా బతుకుతోందని ఊరంతా తెలుసు. ఏఎన్‌ఎంకి తెలుసు, ఆశాకి తెలుసు, అంగన్‌వాడీ టీచరుకి తెలుసు, పక్కింటివాళ్లకి తెలుసు. కంప్యూటరుకి మాత్రం తెలియదు. ఊళ్లో ఇంతమందికి తెలిసిన నిజాన్ని వీఆర్వో విచారించి రాసిస్తే ఎందుకు చెల్లదు? తెలంగాణలో ఒంటరి మహిళలకి 2017లో పింఛను మొదలుపెట్టినప్పుడు భర్త వదిలేసిన స్త్రీని గుర్తించారు కదా, పింఛనుకి ఒంటరి అయిన మనిషి వైద్యానికి ఎందుకు కాదు, ఇది నేను ఏ ప్రభుత్వాన్నైనా అడుగుతాను.

ఇక సంతకాల దగ్గరికి వద్దాం. ఇది జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా ఇక్కడున్న మా సిస్టర్లు. బిడ్డకి ఆపరేషన్ అంటే "తండ్రి సంతకం కావాలి" అనడం మనకి అలవాటు. తల్లి సంతకం చాలు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తల్లి కూడా సహజ సంరక్షకురాలే అని చెప్పింది, తండ్రి బతికుండగానే, అతను బిడ్డ బాగోగులు చూడకపోతే ఆమే. 2015లో ఇంకో తీర్పులో పెళ్లికాని తల్లి, లేదా ఒంటరి తల్లి, బిడ్డకి జనన ధ్రువపత్రం అడిగితే అఫిడవిట్ తీసుకుని ఇవ్వాలి, తండ్రి పేరు కోసం పట్టుబట్టకూడదు అని చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడదానికి గర్భస్రావానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలని చట్టమే చెబుతోంది, భర్త సంతకం అక్కర్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి కూడా అంతే. అయినా ఇవాళ్టికీ ఫారం మీద వైఫాఫ్ అని గీత ఉంటుంది, అక్కడ ఏం రాయాలో తెలియక ఆ తల్లి పెన్ను పట్టుకుని నిలబడుతుంది, వెనక లైనులో వాళ్లు తొంగి చూస్తుంటారు. "డాటరాఫ్ అని రాసుకోమ్మా" అని నెమ్మదిగా చెప్పడానికి మనకి ఎంతసేపు పడుతుంది?

మారిన చోట మారింది కూడా, అదీ చెప్పాలి. ప్రధానమంత్రి మాతృవందన యోజనలో మొదట, 2017లో, భర్త ఆధార్ కూడా అడిగేవారు. మొదటి కాన్పుకి ఇచ్చే 5,000 రూపాయలు, అన్నిటికంటే ఎక్కువ అవసరమున్న తల్లికే అందేవి కావు. 2022లో మార్చిన నిబంధనల్లో భర్త ఆధార్ తప్పనిసరి కాదని తీసేశారు, ఒంటరి తల్లుల్ని దృష్టిలో పెట్టుకునే తీసేశామన్నారు. ఒక్క గడి తీసేయడమే. ఆ ఒక్క గడి వల్ల ఎంతమందికి డబ్బు వచ్చుంటుందో ఆలోచించండి. మీ దగ్గర ఇంకా ఎవరైనా భర్త ఆధార్ తెమ్మంటే, అక్కర్లేదని గట్టిగా చెప్పండి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. ఈ తల్లులు పిల్లల కోసం ఎలాగో ఒకలా వస్తారు. తమ కోసం రారు. రొమ్ములో గడ్డ ఉందని తెలిసి ఏడాదిన్నర దాచుకున్న మనిషి నా చేతుల మీదే కీమో ఎక్కించుకుంది. ఎందుకమ్మా ఇన్నాళ్లు అంటే, "అడ్మిట్ చేస్తే పిల్లలెక్కడుంటారు సిస్టర్?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పిల్లల్ని వార్డులోకి తేవద్దంటాం, ఇన్ఫెక్షన్లు వస్తాయి కాబట్టి అది సరైన మాటే. కానీ ఎక్కడ ఉంచాలో మనం చెప్పం. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, అలా వారాల తరబడి. టీబీ అంటే ఆరు నెలల మందులు. టీబీ పేషెంటుకి తిండికోసం నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు, సంతోషం. కానీ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే అయినప్పుడు, వండిపెట్టేదీ ఆమే అయినప్పుడు, ఆ వెయ్యితో ఏ పూట గడుస్తుంది?

ఇప్పుడు బస్సు ఫ్రీ అయింది, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి. దాన్ని ఎగతాళి చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఛార్జీలు లేక రెండోసారి చూపించుకోవడానికి రాని తల్లుల్ని నేను వందల్లో చూశాను. కాకపోతే ఛార్జీ మిగిలింది గానీ కూలి పోవడం ఆగలేదు. 2019లో మన రాష్ట్రంలో ఆపరేషన్ అయినవాళ్లకి కోలుకునేదాకా రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 దాకా ఇచ్చే ఆరోగ్య ఆసరా మొదలుపెట్టారు. జబ్బు పడితే కూలి పోతుంది అన్న సంగతిని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా అది. ఓపీకి వచ్చి ఒక రోజు పోగొట్టుకున్న తల్లికి డబ్బివ్వకపోతే పోనీ, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కూడా ఓపీ నడపండి, పరీక్ష ఇవాళ రాసి రిపోర్టు రేపు అనకుండా ఇవాళే ఇవ్వండి, వాళ్లకి అదే పదివేలు.

మగవాళ్ల సంగతి కూడా ఒక మాట. భార్య పోయిన తండ్రి పాపతో పిల్లల వార్డుకి వస్తే, రాత్రి ఆడవాళ్లుండే వార్డులో మగమనిషి ఉండకూడదంటాం. తల్లులకి ఇబ్బంది, నిజమే. ఒకాయన మూడు రాత్రులు వరండాలో తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు, లోపల పాప ఏడుపు వినిపిస్తే తలుపు కొట్టేవాడు. ఒక చిన్న గది, రెండు మంచాలు, తెర కట్టినా చాలు ఇలాంటివాళ్లకి.

మరి ఏం చేయాలి అంటారు. నేను అడిగేది ఒక్కటే. ఆ రెండో మనిషిని ఆస్పత్రే ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కాన్పుకి ఆశా తోడు వస్తోందా లేదా? 2005 నుంచి కాన్పులు ఆస్పత్రుల్లోనే జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది, తోడు మనిషిని పెట్టింది, కాన్పయ్యాక ఇంటి దగ్గర దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ పెట్టింది. కాన్పుకి తోడు ఇవ్వగలిగినవాళ్లం, ఆ పుట్టిన బిడ్డకి నాలుగేళ్ల తర్వాత డెంగీ వస్తే ఎందుకివ్వలేం?

మా వార్డులో మేం ఒకటి చేశాం. తోడు లేరని చెప్పిన తల్లి కేస్ షీటు మీద, పైన మూలన, పెన్నుతో చిన్న చుక్క గుర్తు పెట్టేవాళ్లం. అది చూస్తే ఆయమ్మలకి అర్థమయ్యేది. ఆ మంచం శాంపిల్ వాళ్లే తీసుకెళ్లేవాళ్లు, బ్లడ్ బ్యాంకు ఫారం సంతకాలు ముందే నేను సరిచూసేదాన్ని, ఆ తల్లి స్నానానికి వెళ్లొచ్చేదాకా ఎవరో ఒకరం మంచం దగ్గర ఉండేవాళ్లం. అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఎనిమిది నెలలు నడిచింది. తర్వాత ఇన్‌చార్జి మారారు, సగంమంది ఆయమ్మల్ని వేరే వార్డుకి వేశారు, ఆగిపోయింది. మా మంచితనం మీద నడిచింది కాబట్టే ఆగిపోయింది. అదే రూలుగా ఉండుంటే, ఒక పోస్టు ఉండుంటే, ఇవాళ్టికీ నడిచేది. ప్రతి ఏరియా ఆస్పత్రిలో షిఫ్టుకి ఇద్దరు సహాయకులు, ఓపీ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఒక గది, ఒక ఆయమ్మ. అడిగి అడిగి సాధించుకోవాల్సింది అదీ. ఆస్పత్రి అభివృద్ధి సంఘాల్లో మన డ్వాక్రా లీడర్లు కూర్చుంటున్న చోట్ల ఈ మాట ఎత్తండి, మినిట్స్‌లో రాయించండి.

ఆశా అక్కలకి ఒక పని చెబుతాను. మీ ఊళ్లో ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న ఇళ్లు మీకు వేళ్ల మీద లెక్క. జబ్బు రాకముందే వాళ్ల కార్డు ఎవరి ఇంట్లో ఉందో చూడండి, పిల్లల పేర్లు ఎక్కాయో లేదో చూడండి, సచివాలయంలో ఒకసారి కొట్టించి చూసుకోమనండి. రాత్రి పదకొండుకి ఎమర్జెన్సీలో తెలిసేకంటే ఇవాళ తెలిస్తే తిరగడానికి టైము ఉంటుంది. డ్వాక్రా చెల్లెళ్లు, మీ గ్రూపులో పదిమంది ఉంటారు, ఒకరి పిల్లకి జ్వరమొస్తే ఇంకొకరు ఆ పూటకి రెండో మనిషి అవ్వండి. అప్పు వాయిదా ఎగ్గొడితే గుంపుగా ఇంటికి వెళ్తారుగా, దీనికీ అలాగే వెళ్లండి.

నేను చెప్పాల్సింది చెప్పాను. వెనక వరసలో ఆ అమ్మాయి ఇందాకట్నించి చెయ్యెత్తుతోంది, ఎవరూ చూడట్లేదు. మైకు అక్కడికి పంపండి బాబూ. అమ్మా పెద్దమ్మగారూ, మీరు పక్కనే ఉన్నారుగా, పాపని కాస్త ఎత్తుకోండి, ఆమె నిలబడి మాట్లాడుతుంది.